తొమ్మిది శాతం

"తొమ్మిది," అన్నాడు సన్నీ.

కారులో కూర్చుని, ఒక కాలు బయట నేలమీద పెట్టి, ఎదురుగా వెలుగుతున్న తెరకేసి చూస్తూ అన్నాడు. ఎవరికి చెప్పాడో తెలియలేదు.

వరండాలో చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్న లాజరు చెయ్యి ఆగింది. "తొమ్మిదేంట్రా? ఏడు కూడా కాలేదు."

"టైము కాదండీ నాన్నగారూ. ఛార్జింగు. తొమ్మిది శాతం."

"నూటికా?"

"మరి దేనికండీ?"

లాజరు నవ్వాడు. రెండు నెలలుగా దాచిపెట్టుకున్న నవ్వు అది. ఆ కరెంటు కారు గేటు దాటి లోపలికి వచ్చిన రోజునుంచీ ఇలాంటి ఉదయం ఒకటి వస్తుందని ఆయన ఎదురుచూస్తూనే ఉన్నాడు. వచ్చింది. రాకరాక బుధవారం వచ్చింది.

సన్నీ తల్లి పుష్పలత గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. బుధవారం ఆవిడకు డయాలసిస్. పదకొండింటికల్లా కాకినాడలో మంచం మీద ఉండాలి. లేకపోతే ఆ మంచం తరవాతివాళ్లకు వెళ్లిపోతుంది. సోమవారం దారిలో ఆలస్యమైందని గంట తక్కువ చేశారు. అప్పటినుంచీ కాళ్లు పొంగే ఉన్నాయి. తన చెప్పులు పట్టక భర్త చెప్పులు వేసుకుంది. పడుకుంటే ఆయాసం వస్తోందని తెల్లవారుజామునుంచీ ఆ కుర్చీలోనే ఉంది.

"ఈ బుధవారం గాని తప్పిందంటే నా చేతుల్లో ఉండదండమ్మా," అని ఆసుపత్రిలో సిస్టర్ శాంతి సోమవారమే చెప్పి పంపింది.

"నిన్న మధ్యాహ్నం ఎనభై నాలుగుంది," అన్నాడు సన్నీ. అతను అమలాపురంలో టీచరు. మోటారుసైకిలు మీద వెళ్లి వస్తాడు. "అన్నానికి వచ్చినప్పుడు నా కళ్లతో చూసేను. రాత్రి వైరు తగిలించే ఉంది. కరెంటు పోతే పోయింది, ఎనభై నాలుగు చాలులే అని పడుకున్నాను."

"ఎనభై నాలుగు తొమ్మిదెలా అవుద్దిరా? కారిపోయిందా? పెట్రోలు టాంకుకి చిల్లు పడితే కింద మరకైనా కనబడద్ది. దీనికి ఆ పాపం కూడా లేదు."

"మీరు గాని మధ్యాహ్నం ఏసీ వేసుకుని కూర్చున్నారా అండీ?"

"నేనా? ఆ డబ్బాలోనా? దాని తలుపెలా తీస్తారో కూడా నాకు తెలవదు."

"తెలుసుకోవాలని ఉంటే తెలిసేది."

"ఏమన్నావ్?"

"ఏమీ అనలేదండీ."

షైనీ లోపలినుంచి ఫ్లాస్కూ, దిండూ, దుప్పటీ పెట్టిన సంచీ తెచ్చి మెట్టు మీద పెట్టింది. పెట్టి అత్తగారి వంక చూసింది. పుష్పలత కళ్లు దించుకుని, సూదులు గుచ్చే ఎడమ చేతిని కొంగుకింద దాచుకుంది.

"పంటు మీద గోదారి దాటి అవతలికి వెళ్లిపోతే కోటిపల్లిలో ఏదైనా ఆటో దొరకదా అండీ?" అంది షైనీ, మాట మార్చడానికి.

"పంటు నిన్న సాయంత్రమే కట్టేసేరు. గోదారి ఎర్రగా వచ్చేసింది, కనబడటం లేదా?" అన్నాడు లాజరు. "ముక్తేశ్వరం రేవులో మెట్లన్నీ మునిగిపోయేయి. చుట్టు తిరిగి యానాం వంతెన మీదనించే వెళ్లాలి. ఎనభై కిలోమీటర్లు. తొమ్మిది శాతంతో ఎంతవరకు వెళ్తారో అడుగు మీ ఆయన్ని."

తెరమీద చిన్న తాబేలు బొమ్మ వెలుగుతోంది. ఇక మెల్లగానే నడుస్తానని కారు చెప్పడం అది. అమలాపురం చేరడమే అనుమానం.

షైనీ అమలాపురం టాక్సీ స్టాండుకు ఫోను చేసింది. వరద చూడటానికి వెళ్లినవాళ్లకీ, లంక ఊళ్లనుంచి సామాను తెచ్చుకునేవాళ్లకీ బళ్లన్నీ వెళ్లిపోయాయట. తొమ్మిదిన్నరకు ఒకటి ఖాళీ అవుతుందట. పేటలో ఉన్న ఒక్క టాక్సీ ధర్మరాజుది. అది పెళ్లివాళ్లతో రాత్రే వెళ్లింది.

"తొమ్మిదిన్నరకి ఇక్కడ బయలుదేరితే పన్నెండు దాటద్ది," అంది షైనీ. ఆ మాట ఎవరి ముఖంలోకీ చూడకుండా అంది.

"నేను చెప్పేను," అన్నాడు లాజరు. "కొనేముందు చెప్పేను. కొన్న రోజు చెప్పేను. కరెంటు ఉంటేనే కదరా అది కారు? లేకపోతే బీరువా. ఈ ఊళ్లో గాలి వేస్తే కరెంటు ఆగుద్దా? కొబ్బరాకు పడ్డా పోద్ది."

"వారానికి మూడుసార్లు కాకినాడకి పెట్రోలు పోయించి చూడండి, తెలుస్తుంది. ఈ రెండు నెలల్లో ఒక్కసారి ఆగిందా ఇది? ఒక్కసారి?"

"ఆగకూడని రోజున ఆగితే ఒక్కసారి చాలదా?"

పుష్పలత వింటూ ఉంది. ఆ ఇద్దరూ ఆవిడ కోసమే పోట్లాడుకుంటున్నారు. ఆవిడనొక్కరూ అడగలేదు. అడిగితే చెప్పేది. డయాలసిస్ చేయించుకుని తిరిగి వచ్చేటప్పుడు పాత కారులో పెట్రోలు వాసనకు కడుపులో తిప్పి, రామచంద్రపురం దాటేలోగా రెండుసార్లు ఆపించేది. ఈ కారులో వాసన లేదు, ఊపు లేదు, చప్పుడు లేదు. ఇల్లు వచ్చేదాకా నిద్రపోయేది. అది ఎంత సుఖమో ఆవిడ కొడుక్కు చెప్పలేదు. చెబితే ఆయన కారు పనికిరాదని మొగుడికి చెప్పినట్టూ అవుతుంది.

సన్నీ సంచీ తీసుకుని కారు వెనక తలుపు ఎత్తాడు. ఎత్తి అలాగే నిలబడిపోయాడు.

"ఇదేంటి?"

డిక్కీలో పాత పేపర్లు పరిచి, వాటిమీద అరటిగెల పెట్టి ఉంది. చక్కెరకేళి. పసుపు తిరుగుతున్న పెద్ద గెల. ఎవరో శ్రద్ధగా, కాయలు నలగకుండా పక్కన దుప్పటి ముక్క కూడా దోపారు.

అరటిపండు పుష్పలత తినకూడనివాటిలో మొదటిది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఇంటివాళ్లు తెచ్చింది కాదు.

"ఎవరికిచ్చేరు కారు?" అన్నాడు సన్నీ, తండ్రి వైపు తిరిగి.

"నాకేం తెలుసు?"

"నేనిచ్చేను," అంది పుష్పలత.

పెరట్లో నీళ్లడబ్బా మీద చూరునీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది.

"కృపారావుకిచ్చేను. వాళ్లమ్మాయి అక్షయకి రాజమండ్రిలో ఇంటర్వ్యూ. కువైట్ ఆసుపత్రివాళ్లు వచ్చేరంట. పొద్దున్న వస్తామన్న బండి రాలేదని, నువ్వు అన్నం తిని వెళ్లేక, మీ నాన్న నిద్రలో ఉండగా పరిగెత్తుకుంటూ వచ్చేడు. ఆ పిల్ల ఫైలు పట్టుకుని గేటు దగ్గర ఏడుస్తా నిలబడింది. లేదని ఎలా చెప్పనురా?"

"ఇవాళ బుధవారమని తెలుసు కదమ్మా నీకు?"

"సాయంత్రం నువ్వొచ్చేలోగా తెచ్చేసేరు. వచ్చిన వెంటనే వైరు నేనే తగిలించేను. గంట ఎక్కింది. ఏడింటికి కరెంటు పోయింది, ఇప్పటిదాకా రాలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఊరుకుంటావా?"

సన్నీ తలుపు మీద చెయ్యి వేసుకుని నేలకేసి చూశాడు. షైనీకి తెలుసని అతనికి అప్పుడు అర్థమైంది. భార్య వంక చూశాడు. "నీకూ తెలుసా?"

"అత్తయ్యగారు చెప్పద్దన్నారు," అంది షైనీ. "నేను చెప్పుంటే రాత్రంతా ఇదే గొడవ. ఇప్పుడు పొద్దున్నించీ గొడవ. ఏదైనా ఒకటేనండీ."

కారు తాళం ఆ ఇంట్లో ఎప్పుడూ దాచింది లేదు. గుమ్మం పక్కన, చర్చి క్యాలెండరు కింద మేకుకు వేలాడేది. లాజరు తాటిపాకలో చమురు కంపెనీ జీపు నడిపిన రోజుల్లో పాత పెట్రోలు కారు కొన్నాడు. అప్పటికి పేటలో అదొక్కటే కారు. పురుడికైనా, పరీక్షకైనా, విమానానికైనా అదే. అడిగినవాళ్లకు కాదన్నది లేదు. అద్దె తీసుకున్నదీ లేదు. తెచ్చి ఇచ్చేటప్పుడు పెట్రోలు కొట్టించి ఇవ్వాలి, అంతే. ఎంత కొట్టించారని ఎవరూ అడగరు. ఒక్కోసారి తీసుకువెళ్లినప్పటికన్నా ఎక్కువే ఉండేది.

కొత్త కారు తాళం కూడా పుష్పలత ఆ మేకుకే తగిలించింది. అక్కడే వచ్చింది చిక్కు.

గేటు చప్పుడైంది. కృపారావు గళ్ల లుంగీ పైకి కట్టుకుని, తలమీద తువ్వాలు వేసుకుని వచ్చాడు. సన్నటి మనిషి. చర్చి సంఘంలో కానుక సంచీ పట్టేది ఆయనే.

"బయలుదేరుతున్నారా అక్కగారూ? అక్షయ సెలెక్టయ్యిందండి. ప్రార్థన పెట్టుకుంటున్నాం ఆదివారం. మీరంతా..." అని ఆగిపోయాడు. అందరి ముఖాలూ చూశాడు. తెరిచి ఉన్న డిక్కీ చూశాడు.

"గెల బాగుంది మావయ్యా," అన్నాడు సన్నీ.

"అది... పెట్రోలు కొట్టిద్దామనే బంకు దగ్గర ఆపించేను బాబూ. ఆయ్. చుట్టూ తిరిగి చూసేను, ఎక్కడా మూతే లేదు. బండి నడిపిన మా మేనల్లుడు హేమంతు నవ్వేడు. దీనికి కరెంటే మేత మావయ్యా అన్నాడు. కరెంటు సీసాలో తెచ్చేదా, కొట్లో కొనేదా? ఒట్టి చేతుల్తో బండి ఎలా అప్పజెప్పమంటావు? అందుకని గెల పెట్టేను."

"డెబ్భై అయిదు శాతం పైనే అయిపోయింది మావయ్యా."

"అంటే ఎన్ని లీటర్లు బాబూ?"

లాజరు ఈసారి నవ్వలేదు. మెట్లు దిగాడు. "హేమంతుని పిలు. బండి నడిపేవాడు ఒకడు కావాలి."

"రాత్రి బస్సుకే హైదరాబాదు వెళ్లిపోయేడండి బావగారూ. నేనేం చెయ్యాలో చెప్పండి. మోసుకెళ్లమన్నా మోసుకెళ్తాను."

"మోయక్కర్లేదు. తొయ్యి చాలు."

ఇంటి పక్క కొబ్బరి పాకలో, నీలం టార్పాలిను కింద పాత కారు ఉంది. కొత్తది వచ్చాక దాన్ని అమ్మేద్దామని సన్నీ అన్నాడు. నా శవం లేచాక అమ్ముకోమని లాజరు అన్నాడు. ఆ మాటమీద రెండు నెలలుగా దాన్ని ఇద్దరూ ముట్టుకోలేదు. లాజరు టార్పాలిను లాగేస్తే కొబ్బరిపీచూ, రెండు బొద్దింకలూ రాలాయి. సీటులో కూర్చుని తాళం తిప్పాడు.

టక్ మంది. మళ్లీ తిప్పాడు. టక్ మని కూడా అనలేదు.

"దానికీ బేటరీయే కదండీ," అన్నాడు సన్నీ. "రెండు నెలలు వదిలేస్తే అదీ దిగిపోతుంది."

"దీన్ని తోస్తే లేస్తది. నీ దాన్ని తోస్తే వాకిట్లోకి వస్తది, అంతే."

కృపారావూ, సన్నీ, కేకేస్తే వచ్చిన ఇద్దరు కొబ్బరి దింపు కూలీలూ తోశారు. బురదలో కాళ్లు జారాయి. సన్నీ మోకాలిమీద పడి లేచాడు. పాకలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి మెట్ల ముందుకి వచ్చేసరికి కారు ఒక్కసారి దగ్గింది, ఊగింది, నల్లటి పొగ వదిలి పలికింది.

"అదీ!" అన్నాడు లాజరు. ఆయన ముఖం ఇరవై ఏళ్లు తగ్గిపోయింది. "సగం టాంకుంది. ఇదే కృపారావు ఈస్టరుకి తీసుకెళ్లి కొట్టించిందే. ఎక్కు పుష్పా. ఏడున్నరే అయ్యింది. పదిన్నరకి దింపుతాను."

పెట్రోలు వాసన అప్పుడే గుమ్మందాకా వచ్చింది. పుష్పలత కోడలి భుజం పట్టుకుని మెట్లు దిగింది. నాలుగు అడుగులు వేసి ఊపిరి తీసుకుంది. మళ్లీ నాలుగు అడుగులు వేసింది. కారు దగ్గరకు వచ్చి ఎక్కలేదు. డ్రైవరు పక్క కిటికీ దగ్గర నిలబడింది.

"ఏవండీ, గేటు దగ్గర నిలబడిందెవరు?"

"ఎక్కు ముందు. ఇంజను ఆగితే మళ్లీ తొయ్యాలి."

"ఎవరో చెప్పండి, ఎక్కుతాను."

లాజరు అటు చూశాడు. ఎడమకన్ను ఆపరేషను అయ్యాక అది పూర్తిగా తేరుకోలేదు. రెండోది మసక. లైసెన్సు గడువు పొడిగించుకోడానికి అమలాపురం వెళ్లి, కళ్ల పరీక్ష అయ్యాక కాగితం లేకుండానే వచ్చాడు. ఆఫీసులో రద్దీ అన్నాడు ఇంట్లో. పుష్పలత నమ్మినట్టు ఊరుకుంది.

"షైనీ కదా," అన్నాడు.

గేటు తియ్యడానికి వెళ్లిన కృపారావు దగ్గాడు. తలమీద తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. షైనీ అత్తగారి పక్కనే ఉంది.

ఇంజను ఒక్కటే మాట్లాడుతోంది.

"వాన మసక," అన్నాడు లాజరు.

"వాన ఆగి గంటయ్యిందండి."

లాజరు రెండు చేతులూ స్టీరింగుమీద అలాగే ఉంచి ముందుకు చూస్తూ కూర్చున్నాడు. తరవాత, కొడుకు వైపు తిరగకుండా, "అయితే వాణ్ణి నడపమను," అన్నాడు.

"నాకు రాదు," అన్నాడు సన్నీ.

"ఏంటి రాదు?"

"గేర్ల కారు రాదండీ నాకు. మీకు తెలుసు."

"తాటిపాకలో సగంమంది డ్రైవర్లు నా దగ్గర నేర్చుకున్నారు. నా కొడుక్కి గేర్లు రాకపోవడమేంటి?"

"వాళ్లని తాళాల గుత్తితో నెత్తిమీద కొట్టలేదు కదండీ మీరు." సన్నీ గొంతు పెద్దది కాలేదు. చిన్నదైంది. "ఇదే కారులో, ఇదే ఏటిగట్టు మీద. క్లచ్చి ఒక్కసారి ఎక్కువ వదిలేనని. రక్తం వచ్చింది. అప్పటికి పంతొమ్మిదేళ్లు నాకు. రేవులో జనమంతా చూసేరు. ఆ రోజు దిగినవాణ్ణి మళ్లీ ఎక్కలేదు. ఆ కరెంటు కారు ఎందుకు కొన్నానో తెలుసా మీకు? పెట్రోలు దండగని కొనలేదు. దానికి గేర్లు లేవని కొన్నాను."

దింపు కూలీలు మెల్లగా పక్కకు తప్పుకున్నారు. కృపారావు ఆకాశంలోకి చూశాడు.

పుష్పలతకు ఆయాసం వచ్చింది. పాత కారు తలుపు పట్టుకుంది. ఇన్నాళ్లూ వీళ్లిద్దరూ కార్ల గురించి పోట్లాడుకుంటున్నారనుకుంది. ఒకటేమో నడుస్తోంది, నడిపేవాడికి కళ్లు లేవు. రెండోదానికి నడిపేవాడున్నాడు, నడిచే సత్తువ లేదు. మధ్యలో తను, మొగుడి చెప్పులు వేసుకుని.

"మీరు పక్క సీట్లోకి జరగండి," అంది భర్తతో. "సన్నీ, నువ్వు ఎక్కు."

"అమ్మా, నావల్ల..."

"ఆయన చెబుతాడు. నువ్వు తిప్పు. నేను వెనక కూర్చుంటాను." గొంతులో గురక వినిపిస్తున్నా ఆవిడ ఆగలేదు. "ఏవండీ, వినండి. ఒక్క కేక వేసేరంటే నేను దిగిపోతాను. ఎక్కడైనా సరే. గట్టుమీదైనా, వంతెనమీదైనా. దిగి కూర్చుంటాను. తరవాత మీరూ మీ కొడుకూ ఏం చేసుకుంటారో చేసుకోండి."

లాజరు గేరు కర్రమీదనుంచి పక్క సీట్లోకి జరిగాడు. ఆ ముసలి కాళ్లకు అది కష్టమైంది. ఎవరూ సాయం చెయ్యలేదు. సన్నీ డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. షైనీ సంచీ అందించి అత్తగారి పక్కన ఎక్కింది.

"ఎడమకాలు పూర్తిగా నొక్కు," అన్నాడు లాజరు. మాట మామూలుగా రావడానికి ఆయన చాలా కష్టపడుతున్నాడు. "ఆఁ. మొదటిది. ఎడమకి, పైకి. ఇప్పుడు మెల్లగా... మెల్లగా వదులు."

కారు ఎగిరింది. ఆగలేదు. కదిలింది. గేటు దాటింది. కృపారావు పక్కనే పరిగెత్తుతూ, "ప్రభువా, ప్రభువా," అంటున్నాడు.

పేట దారి రెండు వందల గజాలు. దాని చివర ఏటిగట్టు ఎక్కాలి. గట్టెక్కితే అమలాపురం రోడ్డు తిన్నగా వెళ్లిపోతుంది. ఎక్కే చోట నిలువు వాలు. ఎడమ పక్క నిండుగా పారుతున్న పంటకాలవ.

"రెండోది వద్దు. మొదటిదానిలోనే ఉండు. తొక్కు. ఇంకా తొక్కు."

సన్నీ తొక్కాడు. కారు సగం ఎక్కింది. ఎదురుగా గట్టుమీదకు ఒక ఆవు వచ్చి నిలబడింది. సన్నీ కాలు బ్రేకుమీద పడింది. క్లచ్చి నొక్కడం మరిచిపోయాడు.

ఇంజను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

సన్నీ తాళం తిప్పాడు. ఏ చప్పుడూ లేదు. రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని తల కొంచెం వంచాడు, ఎప్పటిదో దెబ్బ ఇప్పుడు పడుతుందన్నట్టు.

లాజరు నోరు తెరిచాడు. మెడనరాలు లేచాయి. పుష్పలత చెయ్యి తలుపు పిడిమీదకు వెళ్లింది.

ఆ చప్పుడు లాజరు విన్నాడు. తెరిచిన నోరు మూశాడు. ఊపిరి వదిలాడు.

"బ్రేకు మీద కాలు తియ్యకు," అన్నాడు. "తోసేవాళ్లు అక్కర్లేదు. వెనకంతా పల్లమే. క్లచ్చి నొక్కి వెనకగేరు వెయ్యి. బ్రేకు వదిలేస్తే కారు వెనక్కి జారుద్ది. జోరందుకున్నాక క్లచ్చి వదులు. లేస్తది. తాటిపాకలో జీపుని ఇలాగే లేపేవాళ్లం."

సన్నీ గేరు వెతికాడు. దొరకలేదు. లాజరు తన చేతిని కొడుకు చేతిమీద వేసి, కర్రను కిందికి నొక్కి వెనక్కి లాగాడు. చెయ్యి వెంటనే తియ్యలేదు.

"నాన్నగారూ, వెనకేముందో నాకు కనబడటం లేదు. ఈ అద్దం పగిలిపోయి ఉంది."

లాజరు వెనక్కి తిరిగాడు. కళ్లు చికిలించాడు. మళ్లీ ముందుకు తిరిగాడు.

"నాకూ కనబడదురా," అన్నాడు.

ఆ మాట ఆయన నోట్లోంచి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"నేను చూస్తాను," అంది పుష్పలత.

తలుపు పిడి వదిలేసింది. షైనీ నడుము పట్టుకుంటే, సీటుమీద మోకాలు పెట్టి వెనక అద్దంవైపు తిరిగింది. ఊపిరికి అద్దం మసకబారింది. కొంగుతో తుడిచింది. వాలు చివర కృపారావు చేతులూపుతూ నిలబడి ఉన్నాడు. కాలవ గట్టుకు మూరెడు దూరంలో ఉంది వెనక చక్రం.

"కృపారావుని పక్కకి తప్పుకోమనండి," అంది. "సన్నీ, కాలవకి దూరంగా తిప్పు. ఇంకా కొంచెం. ఆఁ, చాలు. వదులు."

బ్రేకు వదిలిన చప్పుడైంది. కారు వెనక్కి జారడం మొదలుపెట్టింది. ఇంజను ఇంకా పలకలేదు.